పిల్లకు కడుపునొప్పి ఎందుకు?

జహీరాబాద్ దగ్గర ఒక ఊరు. కందులు అమ్మినా అప్పు తీరలేదు. ఆ రాత్రి తండ్రి తాగి వచ్చాడు. లొల్లి పెట్టాడు. గిన్నెలు విసిరాడు. పిల్ల గొంగడి కప్పుకొని పండుకుంది. నిద్రపోయింది అనుకున్నారు. పోలేదు. అన్నీ విన్నది.

తెల్లారి "అమ్మా, కడుపు నొస్తుంది. బడికి పోను" అన్నది. తల్లి వాము నీళ్ళు తాగించింది. దిష్టి తీసింది. తగ్గలేదు.

అది దొంగ నొప్పి కాదు. మనసులో భయం ఉంటే పిల్లలకు కడుపు నొస్తుంది, తల నొస్తుంది. కొందరు పక్క తడుపుతారు. కొందరు తమ్ముణ్ణి కొడతారు. "నా వల్లనే లొల్లి అయింది" అని కూడా అనుకుంటారు. ఈ సంగతి పెద్దలకు తోచదు.

నొప్పి తగ్గకుంటే దవాఖానలో చూపించండి. రొట్టెలు చేసేటప్పుడు పిల్లను పక్కన కూర్చోబెట్టుకోండి. "రాత్రి భయపడ్డావా బిడ్డా? అది నీ తప్పు కాదు" అనండి. ఏడిస్తే ఏడవనీయండి. వేళకు తిండి, నిద్ర, బడి తప్పనీయకండి. లొల్లి మొదలైతే ఎవరి ఇంటికి పోవాలో ముందే చెప్పి పెట్టండి.

తాగుడు సంగతి ఒక్కరితో తెగదు. సంఘంలో మాట్లాడండి. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్ళు కలిసి సారా దుకాణం మూయించారు. మన పస్తాపూర్ చుట్టుపక్కల సంఘాల ఆడవాళ్ళు విత్తనాలు దాచారు, బాలవాడీలు కూడా నడిపారు.

పిల్లను కొట్టేదాకా వస్తే 1098కి ఫోన్ చేయండి. పైసలు పడవు. పగలైనా రాత్రైనా పలుకుతారు. పిల్లలే చేయవచ్చు.

ఆ నంబరు ఇవ్వాళే గోడ మీద సుద్దతో రాయండి. పిల్లతో చదివించండి.