కూర్దూ పాదిరి – కర్ణాటక మిషను

క్రీ.శ. 1700 ప్రాంతమున ఫ్రెంచి యేసుసభ పాదిరులు కర్ణాటక మిషనును నెలకొల్పిరి. తెలుగు సీమలో పుంగనూరు, కృష్ణాపురములు దాని స్థానములు. 1732లో హిందూదేశమునకు వచ్చిన గస్తోన్ కూర్దూ పాదిరి తెలుగు సంస్కృతములను నేర్చి, తెలుగు–ఫ్రెంచి–సంస్కృత నిఘంటువును కూర్చెను.

సంస్కృతమున ‘దానము’, లాటినులో ‘దోనుమ్’, ‘విధవా’, ‘విదువా’. ఇట్టి పోలికలను జూపి, ఈ భాషలు ఏకమూలజన్యములని ఆయన 1767లో పారిసు పండితులకు వ్రాసెను. విలియం జోన్సు దొర ఆ మాట పలికినది 1786లో.

1773లో పోపు యేసుసభను రద్దుచేయగా మిషను ఆధారము కోల్పోయెను. కూర్దూ 1779లో పుదుచ్చేరిలో మరణించెను. ఆయన లేఖ 1808 వరకు అచ్చుపడనందున కీర్తి జోన్సునకే దక్కెను.

బాలురారా, సభలు రద్దుకావచ్చును, కీర్తి పరులకు పోవచ్చును. పొరుగువాని భాషను శ్రద్ధతో నేర్చిన శ్రమ మాత్రము వ్యర్థము కాదని మా విశ్వాసము.