డీజిల్ స్లిప్పులతో మొదలయ్యే ఉద్యోగం

ఇంట్లో ఇన్వర్టర్ బ్యాటరీ చచ్చిపోతే షాపుకు మోసుకెళ్తాం. పాతది ఇస్తే కొత్తదాని ధరలో కొంత తగ్గిస్తారు. డబ్బు కట్టి ఇంటికొచ్చేస్తాం. ఆ పాత బ్యాటరీలోని సీసం, ప్లాస్టిక్ డబ్బా, యాసిడ్ ఎక్కడికి పోయాయన్న బాధ్యత మాత్రం, 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం, తయారీదారు మెడకే చుట్టుకుంటుంది. అనుమతి ఉన్న రీసైక్లర్‌కు చేరితే ఆ సీసమే మళ్లీ కొత్త బ్యాటరీలో ప్లేటవుతుంది. దారి తప్పిందా, ఎవరి పెరట్లోనో పొయ్యి మీద కరుగుతుంది. యాసిడ్ కాలువ పాలు, సీసం పొగ చుట్టుపక్కల పిల్లల ఒంట్లోకి. బ్యాటరీ దారి తప్పకుండా చూసే మనిషి ఒకరు కంపెనీలో ఉండాలి. గ్రీన్ సప్లై చెయిన్ ఉద్యోగమంటే అదీ.

ఈ ఉద్యోగానికి ఇప్పుడు గిరాకీ రావడానికి కారణాలున్నాయి. మార్కెట్ విలువలో మొదటి 1000 లిస్టెడ్ కంపెనీలు పర్యావరణ వివరాలతో ఏటా బీఆర్‌ఎస్‌ఆర్ నివేదిక ఇవ్వాలని సెబీ 2022-23 నుంచి తప్పనిసరి చేసింది. ఉక్కు, అల్యూమినియం, సిమెంటు, ఎరువుల వంటి దిగుమతులపై ఐరోపా సమాఖ్య తెచ్చిన కార్బన్ సుంకానికి 2023 అక్టోబర్ 1న నివేదికల దశ మొదలైంది, పూర్తి అమలు 2026 జనవరి 1 నుంచి. నట్లు, బోల్టులు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. ఐరోపాకు బోల్టులు పంపే చిన్న యూనిట్ యజమానిని కొనుగోలుదారు అడిగేది ఇదే: ఈ ఉక్కు ఏ ప్లాంటులో పోశారు, అప్పుడు ఎంత కార్బన్ వెలువడింది? లెక్క చూపకపోతే అక్కడివాళ్లు ముందే ఖరారు చేసిన అంకె వేస్తారు. అది చాలాసార్లు అసలుకంటే ఎక్కువే ఉంటుంది. చాలా చిన్న యూనిట్లలో ఆ లెక్క తీసే మనిషే లేడు.

లెక్క మరీ కష్టమైనదేమీ కాదు. లీటరు డీజిల్ మండితే సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. లీటరుకు 4 కిలోమీటర్లిచ్చే లారీ 300 కిలోమీటర్లు సరుకు తెస్తే 75 లీటర్లు, అంటే 200 కిలోల పైమాటే. తిరుగు ప్రయాణం ఖాళీగా సాగితే మైలేజీ కాస్త పెరుగుతుందేమో గానీ, తాగిన డీజిలంతా దండగే. కరెంటు సంగతీ ఇంతే. యూనిట్‌కు సుమారు 0.7 కిలో. ఆ అంకెను కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ ఎప్పటికప్పుడు ప్రకటిస్తుంది.

నేను చూసిన ఒక యూనిట్‌లో విడిభాగాలు చెక్కపెట్టెల్లో వచ్చేవి. పెట్టెలు పగలగొట్టి యార్డులో ఓ మూల తగలబెట్టేవాళ్లు. స్టోర్స్‌లో కొత్తగా చేరిన అమ్మాయి రెండు వారాల పాటు గేటు రిజిస్టర్ తిరగేసి, సరుకు దించిన లారీలు ఖాళీగా పోతున్నాయని పట్టుకుంది. మడిచిపెట్టే ప్లాస్టిక్ బిన్నులు కొనిపించి, అదే లారీలో వెనక్కి పంపే ఏర్పాటు చేసింది. చెక్క ఖర్చు పోయింది, పొగ పోయింది. ఆమె చదివింది బీకామ్.

అందుకే ఈ రంగానికి ఫలానా డిగ్రీయే కావాలని నేను చెప్పను. మెకానికల్, కెమికల్, ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీర్లకు ప్రొడక్షన్ వైపు నుంచి, కామర్స్ వాళ్లకు పర్చేజ్, స్టోర్స్ వైపు నుంచి దారి ఉంది. ఎంబీఏ చేయాలనుకుంటే ఒకప్పటి నీటీ, ఇప్పటి ఐఐఎం ముంబైలో సప్లై చెయిన్ చదువుకు మంచి పేరుంది, క్యాట్ రాయాలి. ఎన్‌పీటీఈఎల్ ఆన్‌లైన్ పాఠాలు ఉచితం. పర్యావరణ నిర్వహణ ప్రమాణమైన ఐఎస్‌ఓ 14001కు ఇంటర్నల్ ఆడిటర్ శిక్షణ కొద్ది రోజుల్లో అయిపోతుంది. బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ ఎనర్జీ ఆడిటర్ పరీక్షకు పని అనుభవం అడుగుతారు కాబట్టి దాన్ని తర్వాతి మెట్టుగా పెట్టుకోండి. ఎక్సెల్ మాత్రం ఈరోజే మొదలుపెట్టాలి.

సర్టిఫికెట్లు పోగేసుకుని ఇంటర్వ్యూకు వచ్చే పిల్లల్ని చూస్తే నాకు బెంగగా ఉంటుంది. స్కోప్ 3 (సరఫరాదారుల దగ్గర, రవాణాలో, అంటే కంపెనీ బయట వెలువడే కార్బన్) నిర్వచనం గుక్క తిప్పుకోకుండా అప్పజెప్తారు. లారీ డ్రైవర్‌తో ఒక్కసారైనా మాట్లాడి ఉండరు. బాలానగర్, చర్లపల్లి, విజయవాడ ఆటోనగర్, మీకు ఏది దగ్గరైతే అక్కడ ఒక చిన్న యూనిట్ యజమానిని అడిగి, నెల రోజులు స్టోర్స్‌లో కూర్చోండి. డీజిల్ స్లిప్పులు, కరెంటు బిల్లులు, స్క్రాప్ అమ్మిన రసీదులు ముందేసుకుని ఒక్క పేజీలో లెక్క తీయండి. ఒక కాపీ ఆ యజమానికి ఇచ్చి, రెండోది ఇంటర్వ్యూకు తీసుకెళ్లండి.