మన జట్టుకు జేజేలు

పిల్లలూ! మీ బడి జట్టు ఆడుతూ ఉంటే మీరు గట్టున కూర్చొని ఊరక చూస్తారా? చూడరు. కేకలు వేస్తారు, ఈలలు వేస్తారు, చప్పట్లు కొడతారు. మరునాడు గొంతు బొంగురుపోయి తెలుగు పాఠం చదవలేనివారు కూడా ఉంటారు! అందరూ కలిసి ఒక్క గొంతుతో కేక వేసే ఈ అలవాటు అమెరికా కాలేజీలలో ఎలా పెరిగిందో తెలుసుకుందాము.

1869 నవంబరు 6వ తేదీన న్యూజెర్సీ రాష్ట్రంలోని న్యూ బ్రన్స్‌విక్ పట్టణంలో రట్గర్స్, ప్రిన్స్‌టన్ కాలేజీల విద్యార్థులు ఫుట్‌బాల్ ఆడారు. అమెరికాలో రెండు కాలేజీల మధ్య జరిగిన మొదటి ఫుట్‌బాల్ ఆట ఇదే అంటారు. అది ఇప్పటి ఆట వంటిది కాదు. జట్టుకు 25 మంది. బంతిని పట్టుకొని పరుగెత్తకూడదు. కాలితో తన్నాలి, లేదా చేతితో కొట్టాలి. జట్టు దుస్తులు కూడా లేవు. తమవారిని గుర్తుపట్టడానికి రట్గర్స్ వారు కొందరు తలలకు ఎర్ర గుడ్డలు చుట్టుకొన్నారు.

ప్రిన్స్‌టన్ వారు మరొక ఉపాయం పన్నారు. అంతర్యుద్ధంలో సైనికులు వేసిన కేకల వంటి కేకలు వేస్తూ ఎదుటివారి మీదికి ఉరికారు. ఎదుటివారు బెదిరిపోతారని వారి ఆశ. కాని పరుగెత్తుతూ అరిస్తే ఊపిరి ఎక్కడ మిగులుతుంది? ఆ రోజు రట్గర్స్ 6 గోల్స్, ప్రిన్స్‌టన్ 4 గోల్స్ చేశాయి. వారం తరువాత రెండవ ఆట ప్రిన్స్‌టన్‌లో జరిగింది. ఈసారి ఆటగాళ్ళు నోరు మూసుకొని ఆడారట. అరిచే పని గట్టున నిలిచిన స్నేహితులకు అప్పగించారట. ప్రిన్స్‌టన్ 8-0తో గెలిచింది.

జట్టుకు కేకతోపాటు రంగు కూడా కావాలి కదా! 1858లో బోస్టన్ పడవ పందెంలో హార్వర్డ్ జట్టును జనం గుర్తుపట్టాలని చార్లెస్ ఎలియట్ అనే యువకుడు, అతని తోటివాడు ఎర్ర రుమాళ్ళు కొని తెచ్చారు. ముదురు ఎరుపు ఇప్పటికీ హార్వర్డ్ రంగు. ఆ ఎలియట్టే తరువాత హార్వర్డ్‌కు అధ్యక్షుడయ్యాడు.

క్రమంగా ప్రతి కాలేజీ తనకంటూ ఒక కేక కట్టుకొంది. కాన్సస్ విశ్వవిద్యాలయం కేకను 1886లో కట్టినవాడు బెయిలీ అనే రసాయన శాస్త్ర ఆచార్యుడు. రైలు చక్రాల చప్పుడు వింటూ ఉండగా దాని లయ తట్టిందని చెబుతారు. యేల్ విద్యార్థులు గ్రీకు నాటకంలోని కప్పల కూతను తమ కేకలో చేర్చుకొన్నారు. చదువుకొన్నవారి అల్లరి ఇలాగే ఉంటుంది!

ప్రిన్స్‌టన్‌లో చదివిన థామస్ పీబుల్స్ 1880లలో ఉత్తరాన ఉన్న మిన్నెసోటాకు ఈ ముచ్చట తీసుకొని వెళ్ళాడు. 1898లో అక్కడి విశ్వవిద్యాలయ జట్టు కొన్ని ఆటలు ఓడిపోయింది. విద్యార్థులు దిగులు పడ్డారు. నవంబరులో నార్త్‌వెస్టర్న్‌తో ఆట. అప్పుడు జానీ కాంప్‌బెల్ అనే విద్యార్థి ప్రేక్షకుల ముందుకు వచ్చి నిలబడ్డాడు. ఆటకు వీపు పెట్టి, జనం వైపు తిరిగి, ఎప్పుడు అరవాలో, ఎలా అరవాలో చూపించాడు. చెల్లాచెదురుగా లేచే అరుపులు ఒక్క కేక అయ్యాయి. మిన్నెసోటా 17-6తో గెలిచింది. కేక వల్లనే గెలిచారని అనలేము. గొంతు ఎంత పెద్దదైనా గోల్ చేయలేదు. అయినా ఓడిన జట్టును విడిచి ఇంటికి పోనివారు ఆ గట్టున ఉన్నారని ఆటగాళ్ళకు వినిపించింది.

అటుపైన మిన్నెసోటాలో కేకల నాయకులను ఎన్నుకోసాగారు. అందరూ మగపిల్లలే. ఆడపిల్లలు అక్కడ అప్పటికే చదువుతున్నారు, ఆటలు చూస్తున్నారు. వారు ఆ జట్టులో చేరడానికి మాత్రం 1923 దాకా ఆగవలసి వచ్చింది.

చేయండి: మీ బడి జట్టుకు తెలుగులో నాలుగు మాటల కేక కట్టండి. రైలు చక్రాల చప్పుడులా లయ ఉండాలి. క్లాసులో ఒకరు ముందు నిలబడి చేయి ఊపాలి. మిగిలినవారు ఒక్కసారిగా అనాలి.