సందేహించే కొనుగోలుదారు: ఆన్‌లైన్ దుకాణం తెరవబోయే మేనల్లుడికి ఒక లేఖ

ఝపటాపూర్, ఖరగ్‌పూర్

చిరంజీవి మేనల్లుడికి మేనమామ ఆశీర్వదించి వ్రాయునది.

పలాస జీడిపప్పు, అనకాపల్లి బెల్లం, భీమాళి మామిడి తాండ్ర, పొందూరు ఖాదీ వంటి ఉత్తరాంధ్ర సరుకులకు ఫోన్‌లోనే ఆర్డర్లు తీసుకుని ఖరగ్‌పూర్ తెలుగు ఇళ్లకు, ముఖ్యంగా అరవై దాటిన పెద్దల ఇళ్లకు చేర్చాలన్న మేనల్లుడి సంకల్పం మెచ్చదగినది. అయితే అందుకోసం తయారైన ప్రచార పథకం నిండా పెద్దల సందేహాన్ని ఎలా పోగొట్టాలి, వారిచేత త్వరగా ఎలా కొనిపించాలి అన్న ఆలోచనే కనిపిస్తోంది. ఈ వయసు కొనుగోలుదారు వెనుకాడేది తెలియక కాదు, తెలిసే. ఆ జాగ్రత్తను తప్పించి సరుకు అమ్మజూసే వ్యాపారి ఎంత నిజాయితీపరుడైనా మోసగాడిలాగే కనిపిస్తాడు, దానికి ఓపికగా జవాబు చెప్పగలిగినవాడే ఊళ్లో నిలుస్తాడు. ఈ లేఖలోని సలహాలన్నీ ఆ ఒక్క మాటకు వివరణలే.

ముందుగా ఆ పెద్దలెవరో గుర్తుచేసుకోవాలి. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే, తూర్పు తీరపు రైలుమార్గంలోని ఉత్తర భాగాన్ని 1902లో తనలో కలుపుకొన్న తరువాత శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాలు ఖరగ్‌పూర్‌తో ఒకే కంపెనీ కిందికి వచ్చాయి. అక్కడి కుటుంబాలు వర్క్‌షాపు పనికీ లైను పనికీ తరలివచ్చి ఇక్కడే స్థిరపడ్డాయి. 1955లో ఆగ్నేయ రైల్వే ఏర్పడ్డాక కూడా, 2003లో తూర్పు తీర రైల్వే పని మొదలుపెట్టేవరకు, వాల్తేరు డివిజన్ ఇదే జోన్‌లో ఉండేది కాబట్టి రెండు వైపుల మధ్య బదిలీలూ బంధుత్వాలూ తెగిపోలేదు. 2020 డిసెంబర్‌లో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాషా హోదా కల్పించాలని నిర్ణయించడానికి కారణం ఖరగ్‌పూర్‌లోని ఈ జనాభాయే. మస్టరు, పాసు, జీతం చీటీ, చివరికి పెన్షన్ ఎంతో, ఎవరికో తేల్చిచెప్పే పెన్షన్ పేమెంట్ ఆర్డర్ వరకు ప్రతిదీ కాగితం మీద చూసుకుని సంతకం పెట్టిన ఉద్యోగి, రిటైరైన తరువాత రంగుల బొమ్మ చూసి డబ్బు పంపుతాడని ఆశించడం పొరపాటు. అటువంటి ఇంటికి వెళ్లే ప్రతి పార్సెల్‌లోనూ సరుకు పేరు, తూకం, ధర, రవాణా ఖర్చు, తేదీ, దుకాణం చిరునామా పెద్ద అక్షరాలలో అచ్చైన బిల్లు ఉండి తీరాలి.

ఈ పెద్దలందరినీ ఒకే గాటన కట్టడం కూడా తగదు. ఎనభై ఏళ్లు నిండిన కేంద్ర పెన్షనరుకు మూల పెన్షన్ మీద 20 శాతం, ఎనభై అయిదుకు 30 శాతం, తొంభైకి 40 శాతం అదనంగా ఇచ్చే ప్రభుత్వ నిబంధనలోనే, వయసుతోపాటు అవసరాలు మారతాయన్న గుర్తింపు ఉంది. నిన్నమొన్న రిటైరైనవారు స్వయంగా ఫోన్‌లో రైలు టికెట్టు తీసుకోగలరు. భర్త పోయాక కుటుంబ పెన్షన్ మీద బతుకుతున్న ఎనభై ఏళ్ల ఇల్లాలికి ఆ ఫోన్ పిల్లలతో మాట్లాడటానికి మాత్రమే పనికిరావచ్చు. మరికొన్ని ఇళ్లలో తినేది ఇక్కడి తల్లి, డబ్బు కట్టేది బెంగళూరులోనో హైదరాబాదులోనో ఉన్న కొడుకు. వ్యాపార శాస్త్రంలో ఇటువంటి విభజనను సెగ్మెంటేషన్ అంటారు, అంటే కొనేవారిని అవసరాన్ని బట్టి, అలవాటును బట్టి వేరు వేరు వర్గాలుగా చూడటం. కొడుకు డబ్బు కట్టే ఇంట్లో సైతం ఏ సరుకు కావాలో, ఎంత కావాలో తల్లినే అడిగి ఖాయం చేసుకోవడం మర్యాద మాత్రమే కాక లాభసాటి కూడా, ఎందుకంటే నచ్చని సరుకును మళ్లీ తెప్పించవద్దని చెప్పేది ఆమే.

పెద్దలకు సాంకేతికత ఒంటబట్టదన్న మాటకు రైల్వే కుటుంబాలే జవాబు. 2002లో మొదలైన ఆన్‌లైన్ రైలు టికెట్టును వారు అలవాటు చేసుకున్నారు. పెన్షనరు బతికే ఉన్నాడని ఏటా నవంబర్‌లో ధ్రువీకరించే లైఫ్ సర్టిఫికెట్‌ను వేలిముద్రతో ఇంటి దగ్గరి నుంచే పంపేందుకు 2014లో వచ్చిన జీవన్ ప్రమాణ్ పద్ధతినీ, 2021లో వచ్చిన ముఖ గుర్తింపు సౌకర్యాన్నీ వాడుకుంటున్నవారు ఎందరో ఉన్నారు. అవసరం స్పష్టంగా ఉండి, అవతల ఉన్నది ఎవరో తెలిసి, తప్పు జరిగితే ఎవరిని అడగాలో తెలిసినప్పుడు వయసు పెద్ద ఆటంకం కాదు. ఈ మూడు షరతులనూ తీర్చడమే ప్రచారంలో మొదటి పని.

ఇక భయం సంగతి. లైఫ్ సర్టిఫికెట్ అప్‌డేట్ చేయాలనో, బ్యాంకు ఖాతా ఆగిపోతుందనో ఫోన్ చేసి వివరాలు లాగడం, పోలీసు వేషంలో వీడియో కాల్ చేసి ‘డిజిటల్ అరెస్టు’ అని బెదిరించడం వంటి మోసాలకు ఎందరో పెద్దలు గురి అవుతున్నారు. అసలు డిజిటల్ అరెస్టు అనేదే మన చట్టంలో లేదు. ఈ మోసాలను పరిశీలిస్తే నాలుగు లక్షణాలు తరచుగా కనిపిస్తాయి: తొందరపెట్టడం, ఇంట్లో ఎవరికీ చెప్పవద్దనడం, తెలియని లింకు నొక్కమనడం, రహస్య సంఖ్య అడగడం. మేనల్లుడి పథకంలో ‘ఇంకా పది నిమిషాలే’ అని తిరిగే గడియారం, ‘రెండే మిగిలాయి’ అన్న అబద్ధపు హెచ్చరిక, అడగకుండానే బుట్టలో చేరే అదనపు వస్తువు ఉన్నాయి. వీటిలో మొదటి రెండూ ఆ లక్షణాలలో మొదటిదానికి దగ్గరి చుట్టాలు. కొనేవారిని తికమకపెట్టి వారికి ఇష్టంలేని నిర్ణయం చేయించే ఇటువంటి తెర అమరికలను డార్క్ ప్యాటర్న్స్ అంటారు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబర్ 30న వెలువరించిన మార్గదర్శకాలు ఇటువంటివాటిని 13 రకాలుగా పేర్కొని నిషేధించాయి. చట్టం మాట అటుంచినా, ‘ఎవరు తొందరపెట్టినా ఫోన్ పెట్టేయండి’ అని పిల్లలు నేర్పిన పెద్దలు ఈ గడియారాన్ని చూసి చేసే పని కూడా అదే. కనుక ‘ఈ ధర నెలాఖరు వరకు ఉంటుంది, ఇంట్లో అడిగి చెప్పండి’ అన్న వాక్యం పెద్దల విషయంలో ఏ రాయితీకన్నా బలమైన ప్రకటన.

నమ్మమని కోరడం కంటే తనిఖీకి వీలు కల్పించడం మేలు. 2020 నాటి ఈ-కామర్స్ నియమాలు విక్రేత పేరు, చిరునామా, పూర్తి ధర, వాపసు షరతులు కనబడేలా ఉంచాలనీ, ఫిర్యాదు అందినట్టు 48 గంటలలోగా తెలిపి నెలలోగా పరిష్కరించాలనీ, కొనేవారి సమ్మతిని ముందే టిక్కు పెట్టిన గడితో తీసుకోరాదనీ చెబుతున్నాయి. వీటిని చట్టం కోసం ఒక మూలన చిన్న అక్షరాలలో పెట్టకుండా దుకాణం తొలి పేజీలోనే, ఆహార భద్రతా సంస్థ రిజిస్ట్రేషన్ సంఖ్యతో సహా, పెద్దగా చూపాలి. డబ్బు చెల్లించే చోట ఇంకొక సూక్ష్మం ఉంది. ఫోన్ నుంచి నేరుగా బ్యాంకు ఖాతాకు డబ్బు పంపే యూపీఐ పద్ధతిలో క్యూఆర్ కోడ్ స్కాన్ చేయగానే డబ్బు ఎవరికి వెళ్తుందో ఆ పేరు తెర మీదికి వస్తుంది. పార్సెల్ మీద దుకాణం పేరు ఒకటి, ఫోన్ తెర మీద ఎవరో కుర్రవాడి పేరు మరొకటి కనబడితే, కళ్లజోడు సవరించుకుని రెండుసార్లు చదివిన పెద్దాయన అక్కడితో ఆగిపోతాడు, ఆగిపోవడం సరైనదే. దుకాణం పేరుతో కరెంటు ఖాతా తెరిస్తే ఈ చిక్కు తీరుతుంది. డబ్బు పంపడానికే తప్ప అందుకోవడానికి పిన్ అవసరం లేదనీ, వాపసు ఇచ్చేటప్పుడు దుకాణం పిన్ గానీ ఓటీపీ గానీ ఎన్నడూ అడగదనీ ప్రతి బిల్లు కింద అచ్చువేయాలి. ఓటీపీ అంటే ఒక్కసారికే పనికివచ్చే రహస్య సంఖ్య. మోసం జరిగితే వెంటనే ఫోన్ చేయవలసిన 1930 నంబరు కూడా అక్కడే ఉండాలి. సరుకు చేతికి అందాక డబ్బు ఇచ్చే వీలు, కనీసం తొలి రెండు మూడు ఆర్డర్లకు, తప్పనిసరి.

దుకాణం తెరను కుర్రవాళ్ల కళ్లతో కాక పెద్దల కళ్లతో చూడాలి. వయసుతో కంటిలోని కటకం బిగుసుకుని దగ్గరి అక్షరం మసకబారుతుంది, లేత బూడిదరంగు అక్షరం తెల్లటి నేపథ్యంలో కలిసిపోతుంది. వెబ్ సౌలభ్యానికి అంతర్జాతీయంగా పాటించే ప్రమాణాలు అక్షరానికీ నేపథ్యానికీ వెలుగులో కనీసం 4.5కు 1 నిష్పత్తి ఉండాలనీ, అక్షరాన్ని రెట్టింపు చేసినా పేజీ చెదరకూడదనీ కోరేది అందుకే. పెద్దల ఫోన్లలో అక్షరాలను ముందే పెద్దవి చేసి పెట్టి ఉంటారు. ఆ అమరికలో చాలా దుకాణాల ‘ఆర్డర్ చేయండి’ గుర్తు తెర కిందికి జారిపోతుంది, వేలితో ఎంత వెతికినా దొరకదు. ఓటీపీ వచ్చినప్పుడు దుకాణం పేజీ వదిలి సందేశాల పెట్టెలోకి వెళ్లి ఆరంకెలు గుర్తుపెట్టుకుని తిరిగి వచ్చేసరికి గడువు ముగిసి, నింపినదంతా పోయి మొదటికి వస్తుంది. కాబట్టి మొదటి పేజీలో పట్టుమని పది సరుకులు, ఒక పేజీకి ఒకే ప్రశ్న, నింపినది పోకుండా నిలిచే ఏర్పాటు ఉంటే చాలు. చిరునామా గడిలో కూడా వీధి, అపార్ట్‌మెంటు అని నిర్బంధించకుండా, క్వార్టర్ నంబరో, గోల్ బజార్‌లో ఫలానా కొట్టు పక్కన అన్న గుర్తో రాసే చోటు ఉండాలి.

భాష విషయంలో ఖరగ్‌పూర్‌కు ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. ఇంట్లో తెలుగు మాట్లాడేవారందరూ తెలుగు చదవగలవారు కారు. తెలుగు మాధ్యమంలో చదివినవారి పక్కింట్లోనే హిందీలోనో, బెంగాలీలోనో, ఇంగ్లిషులోనో చదువుకున్న తెలుగువారు ఉంటారు. అందువల్ల రాత మూడు నాలుగు లిపులలో ఉన్నా మాట మాత్రం తెలుగులో ఉండాలి: వాట్సాప్‌లో సరుకు బొమ్మతోపాటు ధర, తూకం నిదానంగా చెప్పే చిన్న ధ్వని సందేశం, రోజూ ఒకే వేళలో ఎత్తే ఒకే ఫోన్ నంబరు, అది ఎత్తేది వీలైనంతవరకు ఒకే మనిషి. వయసుతో ముందుగా తగ్గేది సన్నని, పదునైన ధ్వనుల వినికిడి కాబట్టి వెనుక సంగీతం లేని, తొందరలేని గొంతు అవసరం.

సరుకుకు ‘వృద్ధుల కోసం’ అని పేరు పెట్టాలన్న ఆలోచనను మేనల్లుడు విరమించుకోవడం మంచిది. పెద్దలు పసిపిల్లల డబ్బా ఆహారం కొంటున్నారని గమనించిన అమెరికా సంస్థ హైంజ్ 1955లో ‘సీనియర్ ఫుడ్స్’ పేరుతో మెత్తని ఆహారం అమ్మజూసి విఫలమైంది; మనవడికని చెప్పుకుని కొనగలిగినవారు సైతం తమ ముసలితనాన్ని అంగట్లో చాటుకోవడానికి ఇష్టపడలేదు. వయసును పేరులో కాక అమరికలో గౌరవించాలి: పావు కిలో పొట్లం, కత్తెర లేకుండా చిరిగే అంచు, సులువుగా తిరిగే మూత, ఉప్పు ఎంతో స్పష్టంగా రాసిన పచ్చడి సీసా.

ఆరోగ్యం పేరు చెప్పి అమ్మడం ఈ వ్యాపారంలో అన్నిటికన్నా పెద్ద ప్రలోభం. పథకంలో బెల్లం పక్కన ‘షుగర్ ఉన్నవారికీ మంచిది’ అని రాసి ఉంది. బెల్లంలో అధిక భాగం చక్కెరే, అది రక్తంలోని చక్కెరను పెంచుతుంది. ఆ వాక్యాన్ని నమ్మి మధుమేహం ఉన్న పెద్దలు రోజూ తింటే కలిగే హాని దుకాణానిదే. మధుమేహం, రక్తపోటు వంటి జాబితాలోని జబ్బులను మందో, మహిమో నయం చేస్తుందని ప్రకటించడాన్ని 1954 నాటి చట్టమే నిషేధించింది. ఆహారం గురించి తప్పుదోవ పట్టించే మాట వినియోగదారుల చట్టం కింద కూడా నేరమే. అనకాపల్లి బెల్లానికి దాని రంగు, రుచి, ఊరి పేరు చాలు.

ప్రచారం ఎలా పాకాలి అన్నదానికి ఈ ఊళ్లో జవాబు సులువు: ఉదయపు నడకలో, గుడి దగ్గర, రైల్వే ఆసుపత్రి వరుసలో ఒకరు ఇంకొకరికి చెప్పే మాట ద్వారా. ఆ మాట కొనలేము, సంపాదించుకోగలము. పెన్షనర్ల సంఘం దగ్గరున్న ఫోన్ నంబర్ల జాబితా ఎవరైనా ఇవ్వజూపినా తీసుకోరాదు. ఒక పనికి ఇచ్చిన వివరాలను అనుమతి లేకుండా మరో పనికి వాడరాదన్నదే 2023 నాటి వ్యక్తిగత డిజిటల్ డేటా రక్షణ చట్టంలోని మూలసూత్రం. నవంబర్‌లో లైఫ్ సర్టిఫికెట్‌కు సాయం చేస్తామంటూ ఇళ్లకు వెళ్లి సరుకు అమ్మడం కూడా కూడదు, ఎందుకంటే ఆధార్ సంఖ్య, వేలిముద్ర అడిగే చోట అంగడి ఉండకూడదు. పెన్షన్ నెలాఖరున జమ అవుతుంది కాబట్టి మొదటి వారానికి సరుకు నిల్వ సిద్ధం చేసుకోవడం వివేకం. ఆ రోజే ఫోన్లు చేసి ఒత్తిడి పెట్టడం అవివేకం.

చివరగా కొలమానం. ఎంతమంది చూశారు, ఎంతమంది తొలిసారి కొన్నారు అన్న లెక్కలు ఈ వ్యాపారంలో తక్కువే చెబుతాయి. పిల్లల సాయం లేకుండా రెండోసారి తామే ఆర్డరు పెట్టినవారెందరు, ఫిర్యాదు చేసి కూడా తిరిగి కొన్నవారెందరు అన్నవే అసలు లెక్కలు. వారం తిరక్కుండానే అదే ఇంటి నుంచి అదే సరుకు మళ్లీ ఆర్డరు వస్తే, సంతోషించి పంపేముందు ఒకసారి ఫోన్ చేసి అడగాలి. అవసరమైతే సరే, మరచిపోయి పెట్టినదైతే ఆ ఆర్డరును రద్దు చేయాలి. ఆ ఒక్క అమ్మకం పోయినా ఆ ఇంటివారికి దుకాణం మీద నమ్మకం నిలుస్తుంది. దుకాణం తెరిచేముందు, పథకాన్ని స్నేహితులకు చూపినట్టే, మన వీధిలోని పెద్దల చేతికి ఫోన్ ఇచ్చి, పక్కన కూర్చుని, ఏమీ చెప్పకుండా, వారు ఎక్కడ ఆగిపోతున్నారో రాసుకుని ఆ చోట్లన్నీ సరిదిద్దుకున్నాకే మేనల్లుడు తొలి ఆర్డరు తీసుకోవాలని పెద్దల కోరిక.

ఇట్లు,
ఆశీస్సులతో,
మేనమామ