మిరపకు మందు ఇప్పుడే రాలుతోంది

ఆషాఢం వచ్చింది. ఊళ్ళలో వేప చెట్ల కింద పండ్లు పరుచుకుని ఉన్నాయి, వాటి మీద ముసురు విడవకుండా పడుతోంది. మిరప వేసే రైతుకు ఈ నెలంతా విత్తనం ప్యాకెట్ ధర మీదే ధ్యాస, చెట్టు కింద చూసే తీరిక ఉండదు. తడిసిన పండు నాలుగు రోజులు నేల మీదే ఉంటే లోపలి పప్పుకు బూజు పడుతుంది, బూజుతో పాటు అఫ్లాటాక్సిన్ విషం చేరుతుంది, పనికొచ్చే గుణం పోతుంది. పూత మీదకు నల్ల తామర పురుగు వచ్చే అక్టోబరు, నవంబరు నెలల్లో గింజ కావాలన్నా దొరకదు. అప్పటికి దొరికేది దుకాణంలో వేప మందు సీసా ఒక్కటే. అందుకే మందు కొట్టే కాలానికి మూడు నెలల ముందే ఈ సంగతి రాయాల్సి వస్తోంది.

వేపలో పురుగుకు అడ్డుపడే ముఖ్య పదార్థం అజాడిరక్టిన్. 1959లో సూడాన్‌లో మిడతల దండు పచ్చనిదంతా మేసి వేప చెట్టును మాత్రం వదిలేయడం ష్ముటరర్ అనే జర్మన్ శాస్త్రవేత్త గమనించారు. ఆ తర్వాత కొద్ది ఏళ్ళకే ఢిల్లీలో మన శాస్త్రవేత్త ప్రధాన్, వేప గింజల పప్పు కలిపిన నీళ్ళు చల్లిన పైరును మిడతలు ముట్టవని చూపించారు. 1968లో ఇంగ్లండులో ఆ పదార్థాన్ని విడదీశారు. దాన్ని ప్రయోగశాలలో మొదటి నుంచి తయారుచేయడానికి కేంబ్రిడ్జిలో స్టీవెన్ లే బృందానికి 22 ఏళ్ళు పట్టింది, 2007లో గానీ కుదరలేదు. అంత చిక్కు అణువును ఫ్యాక్టరీలో చవగ్గా చేసే దారి లేదు. కాబట్టి రంగురంగుల బొమ్మతో వచ్చే ప్రతి అసలైన వేప మందు సీసాలోనూ ఉన్నది ఏదో ఊళ్ళో చెట్టు కింద ఏరిన గింజే.

లెక్క కూడా చూడండి. పప్పులో అజాడిరక్టిన్ చెట్టును బట్టి, ఏరిన తీరును బట్టి మారుతుంది. సుమారుగా 0.2 నుంచి 0.6 శాతం అనుకోవచ్చు. ఎకరాకు 200 లీటర్ల నీటిలో 5 శాతం కషాయానికి పది కిలోల పప్పు కావాలి. పప్పులో 0.3 శాతమే ఉందనుకున్నా పది కిలోల్లో 30 గ్రాములు. నీళ్ళు అందులో మూడో వంతే లాగినా పది గ్రాములు. 1500 పి.పి.ఎం. సీసా లీటరు నీటికి 5 మి.లీ. చొప్పున ఎకరాకు ఒక లీటరు పడుతుంది, అందులో ఉండేది ఒకటిన్నర గ్రాము. 300 పి.పి.ఎం. సీసా అయితే అర గ్రాము కూడా ఉండదు. దుకాణంలో సీసా అడిగే ముందు ఈ పి.పి.ఎం. సంఖ్య చదవండి, ధర తర్వాత చూడొచ్చు. గానుగ ఆడిన వేపనూనె కొంటే సరిపోదా అంటారు. అజాడిరక్టిన్ నూనెలోకి తక్కువే దిగుతుంది, ఎక్కువ భాగం చెక్కలోనే మిగులుతుంది. ఆకు కషాయాల సంగతీ అంతే, గింజలో ఉన్నంత ఆకులో ఉండదు. నీమాస్త్రం, దశపర్ణి చేసే వాళ్ళు చేసుకోవచ్చు, వాటిని గింజల కషాయంతో సమానమని అనుకోకూడదు.

కొట్టినా పురుగు చావలేదన్న మాట ఏటా వినపడుతుంది. అది నిజమే, వెంటనే చావదు. అజాడిరక్టిన్ పురుగు చేత మేత మానిపిస్తుంది, కుబుసం విడిచే హార్మోనును చెడగొడుతుంది, గుడ్లు తగ్గిస్తుంది. మర్నాడు పొద్దున చచ్చిన పురుగుల్ని వెతికే వాళ్ళకు ఇది ఎప్పటికీ పని చేయనట్టే కనిపిస్తుంది. విచ్చిన పూలు తీసి తెల్ల కాగితం మీద దులిపి, పిల్ల పురుగుల్ని కొట్టే ముందు ఒకసారి, వారానికి మరోసారి లెక్కపెడితే తేడా తెలుస్తుంది. దీని పరిమితీ చెప్పాలి. ఈ తామర పురుగు పూల లోపల దాక్కుంటుంది, కోశస్థ దశ నేలలో గడుపుతుంది, రెక్కల పురుగులు పక్క చేల నుంచి వచ్చి పడుతూ ఉంటాయి. మన దేశంలో 2015లో బెంగళూరు దగ్గర బొప్పాయి మీద కనిపించిన పురుగు, 2021లో గుంటూరు, ఖమ్మం, వరంగల్ మిరపను ఊడ్చేసింది. అంత ఉధృతిలో వేప ఒక్కటే ఆపలేదు. మొదటి పూతలో, పురుగు పలచగా ఉన్నప్పుడే దాని పని. ఆఖరి దుక్కిలో ఎకరాకు 200 కిలోల వేపపిండి, చేలో నీలి రంగు జిగురు అట్టలు, చుట్టూ జొన్న గానీ మొక్కజొన్న గానీ రెండు మూడు వరసలు తోడుంటేనే అది నిలబడుతుంది. పురుగు మించిపోతే సిఫార్సు చేసిన రసాయనం ఒకసారి కొట్టడం తప్పు కాదు. తప్పు ఎక్కడంటే మూడు రోజులకోసారి నాలుగు సీసాలు ఒకే ట్యాంకులో కలిపి కొట్టడంలో. సింథటిక్ పైరిత్రాయిడ్లు అలా గుప్పిస్తే పురుగును తినే పురుగులు ముందు చస్తాయి, తామర పురుగు రెట్టింపు అవుతుంది. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా ఎవరికీ పట్టడం లేదు.

సీసాల్లోనూ రెండు రకాలున్నాయి. వేప మందు 1968 నాటి పురుగుమందుల చట్టం కిందికి వస్తుంది, లేబుల్ మీద రిజిస్ట్రేషన్ నంబరు, అజాడిరక్టిన్ శాతం, గడువు తేదీ ఉండి తీరాలి. మొక్క పెరుగుదలకని అమ్మే బయో స్టిమ్యులెంట్లు 2021 నుంచి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి వచ్చాయి. వాటిని పురుగును చంపుతాయని అమ్మే హక్కు ఎవరికీ లేదు. ‘బయో’ అని రాసిన సీసా కొట్టిన గంటకే పురుగు రాలిపోతే సంబరపడకండి, లోపల రసాయనం కలిపి ఉంటుంది. అలాంటి సీసాల్లో రసాయనాలు బయటపడటం కొత్త సంగతి కాదు. ఆ అవశేషం కాయలో చేరితే ఎగుమతి సరుకు వెనక్కి తిరిగేది రైతు ముఖం మీదికే, అమ్మినవాడి దుకాణానికి కాదు.

కూలి గిట్టదనే అభ్యంతరంలో కొంత న్యాయం ఉంది. ఇరవై ఎకరాల వాళ్ళు రెండు వందల కిలోల పప్పు దంచి వడకట్టలేరు. వాళ్ళు పది వేల పి.పి.ఎం. సీసా బిల్లుతో కొనడమే మేలు. రెండు మూడు ఎకరాల వాళ్ళకు ఇంట్లో పని అయిపోతుంది. రాలిన పండు రోజూ ఏరండి, తొక్క, గుజ్జు కడిగేయండి, ముసురు పట్టినా నీడలో గాలికి పలచగా ఆరబెట్టండి, గోనె సంచుల్లోనే ఉంచండి, పాలిథీన్ వద్దు. ఏడాది దాటిన గింజ మీద ఆశ పెట్టుకోవద్దు. దంచిన పొడిని రాత్రంతా నానబెట్టి వడకట్టడం అందరికీ తెలిసిందే, చాలామంది పొరపడేది నీళ్ళ దగ్గర. చవుడు బోరు నీళ్ళలో అజాడిరక్టిన్ త్వరగా విరిగిపోతుంది. కషాయం ఆకుకు అంటడానికి కలిపే సబ్బుదీ క్షార గుణమే కనుక ట్యాంకులో పోసేముందే కలపాలి, రాత్రి కాదు. ఎండ కూడా దాన్ని చెడగొడుతుంది, అందుకే సాయంత్రం కొట్టాలి. తేనెటీగలకూ అప్పుడే ఇబ్బంది తక్కువ. మిగిలిన కషాయం చెరువులో గుమ్మరించొద్దు, చేపలకు మంచిది కాదు.

ఇక ఆ వేప చెట్లకే కొమ్మలు ఎండే తెగులు వస్తే, ట్యాంకులు తెచ్చి చెట్టంతా తడపమనే వాళ్ళ మాట నమ్మి డబ్బు పోసుకోకండి, ఇంతకుముందు అలా ఎండిన చెట్లు చాలావరకు మళ్ళీ చిగురించాయి. మిరపకే కాదు, కందిలో పూత మొదలయ్యాక శనగపచ్చ పురుగు గుడ్లు కనపడగానే ఇదే 5 శాతం కషాయం కొట్టండి. పత్తిలో మాత్రం మందుకు తొందరపడకుండా 45 రోజులకు ఎకరాకు నాలుగు లింగాకర్షక బుట్టలు కట్టండి, వాటిలో గులాబీ పురుగు రెక్కల పురుగులు లెక్కకు మించి పడేవరకు డబ్బా భుజానికెత్తొద్దు.