ఐదు - నాలుగు

పోయిన ఏడాది మన క్లబ్బు పెట్టిన పద్యపఠన పోటీకి ముగ్గురు జడ్జీల్లో నేనొకణ్ణి. మా హాస్టల్ జూనియర్‌కి పదికి తొమ్మిది వేశాను. మిగతా ఇద్దరూ ఏడేసి వేశారు. మొత్తం 23. రెండో స్థానంలో వచ్చిన అమ్మాయికి వాళ్ళిద్దరూ ఎనిమిది, ఏడు వేస్తే నేను ఏడు వేశాను. మొత్తం 22. అంటే నేను ఆ కుర్చీలో లేకపోతే ఆమే గెలిచేది.

గొడవేం జరగలేదు. బహుమతులయ్యాక ఆమె వచ్చి, "అన్నా, నేనెక్కడ తప్పు చదివానో చెప్పండి, వచ్చే ఏడాది సరిచేసుకుంటా" అంది. నా కాగితంలో ఏడు అనే అంకె తప్ప ఇంకేమీ లేదు. "బాగానే చదివావమ్మా" అని తప్పించుకున్నాను.

ఆ రాత్రి నిద్ర పట్టక యూట్యూబులో తిరుగుతుంటే 2002 సాల్ట్ లేక్ సిటీ వింటర్ ఒలింపిక్స్ వీడియో ఒకటి తగిలింది. మంచు మీద జంటగా చేసే ఫిగర్ స్కేటింగ్. రష్యా జంట బెరెజ్నయా, సిఖరులిద్జే. కెనడా జంట సాలే, పెల్టియే. ఒక జంప్ దిగేటప్పుడు సిఖరులిద్జే అడుగు తడబడింది. కెనడా వాళ్ళు పొరపాటు లేకుండా చేశారు. హాలంతా లేచి చప్పట్లు. స్వర్ణం మాత్రం రష్యాకి. తొమ్మిది మంది జడ్జీల్లో ఐదుగురు అటు, నలుగురు ఇటు.

అప్పటి పద్ధతిలో మార్కులు ఆరుకి. టెక్నిక్‌కి ఒక మార్కు, ప్రదర్శనకి ఒక మార్కు. అయితే ఆ మార్కుల్ని కూడరు. ప్రతి జడ్జి మార్కుల నుంచి ర్యాంకు తీస్తారు, ఎక్కువమంది ఎవరికి మొదటి ర్యాంకు ఇస్తే వాళ్ళదే గెలుపు. ఒక జడ్జికి ఇద్దరి మధ్య కనిపించిన తేడా కొండంతైనా గోరంతైనా పడేది ఒకటే ఓటు. కాబట్టి ఐదు నాలుగవ్వాలంటే ఒక్కరు అటునుంచి ఇటు తిరిగితే చాలు.

ఆ ఒక్కరు ఫ్రాన్స్ జడ్జి మరీ రెన్ లెగూన్య్ అని మర్నాటికే గుప్పుమంది. రష్యా జంటకి ఓటెయ్యమని తమ ఫెడరేషన్ అధ్యక్షుడు ఒత్తిడి చేశాడని ఆమె చెప్పారు. బదులుగా ఐస్ డ్యాన్స్‌లో ఫ్రాన్స్‌కి ఓట్లు పడతాయన్నది ఆరోపణ. తర్వాత ఆమె మాట మార్చి, రష్యన్లే మెరుగని నిజంగా అనుకునే వేశానన్నారు. అధ్యక్షుడూ కాదన్నాడు. చివరికి ఇద్దరినీ మూడేళ్ళు సస్పెండ్ చేశారు, కెనడా జంటకీ స్వర్ణం ఇచ్చారు. ఒకే పోటీకి రెండు స్వర్ణాలు!

అందరూ ఆమె అబద్ధాన్ని చూస్తారు. నన్ను పట్టుకున్నది వేరే. "నిజంగా అనుకునే వేశాను" అన్న మాట నేనూ అనగలను. నాతో ఎవరూ బేరమాడలేదు. మా జూనియర్ పదిరోజులు కారిడార్‌లో సాధన చేస్తుంటే విన్నాను, అంతే. స్టేజీ మీద వాడు మింగేసిన అక్షరాలు కూడా నా చెవికి వినిపించాయి, ఎందుకంటే అవి నాకు ముందే తెలుసు.

2004లో కొత్త పద్ధతి తెచ్చారు. మన సెకండియర్ స్టాటిస్టిక్స్ పనికొచ్చేది ఇక్కడే. ప్రతి జంప్‌కీ ముందే ఒక విలువ ఉంటుంది. ఏం చేశారో గుర్తించేది వేరే ప్యానెల్. ఎంత బాగా చేశారో జడ్జీలు -5 నుంచి +5 దాకా వేస్తారు (2018 దాకా -3 నుంచి +3). అన్నిటికన్నా పెద్దదీ చిన్నదీ తీసేసి మిగతావాటి సగటు. ట్రిపుల్ లుట్జ్ విలువ 5.90 అనుకుందాం, ఒక్కో మెట్టుకీ అందులో పదోవంతు. తొమ్మిది మంది 0, 2, 2, 3, 3, 3, 3, 4, 5 వేశారనుకోండి. 0, 5 పోతే ఏడింటి మొత్తం 20, సగటు 2.86, కలిసేది 1.69.

ఆ 5 వేసినవాడిది పక్షపాతమనీ, న్యాయంగా 3 వెయ్యాల్సిందనీ అనుకుని మళ్ళీ లెక్కెయ్యండి. ఇప్పుడు పోయేది 0, 4. మిగిలిన మొత్తం 19. కలిసేది 1.60. అంటే 5ని కొట్టేసినా దాని నీడ 0.09 మేర మిగిలింది, ఎందుకంటే అది పోతూ పోతూ ఒక 4ని లోపలికి తోసింది! ఇలాంటి అంశాలు ఒక ప్రదర్శనలో డజను దాకా ఉంటాయి. ట్రిమ్డ్ మీన్ ఒంటరి దొంగని కొంతవరకు ఆపుతుంది, పూర్తిగా కాదు. ఇద్దరు కూడబలుక్కుంటే ఇంకా కష్టం.

ఆ సంస్కరణల్లోనే ఇంకోటి చేశారు: ఏ మార్కు ఎవరు వేశారో దాచేశారు. ఫెడరేషన్లు తమ జడ్జిని ఒత్తిడి చెయ్యకుండా ఉండాలని. వినడానికి బాగుంది. కానీ జిట్జెవిట్జ్ అనే ఆర్థికవేత్త లెక్కలు తీస్తే స్వదేశీ పక్షపాతం తగ్గకపోగా కాస్త పెరిగింది. 2014 సోచిలో రష్యా అమ్మాయి సోత్నికోవాకి 224.59, కొరియా యునా కిమ్‌కి 219.11 వచ్చాయి. సోత్నికోవా ఏడు ట్రిపుల్ జంప్‌లు చేసింది, కిమ్ ఆరు. కాబట్టి వాదన రెండువైపులా ఉంది. కానీ ఆ ప్యానెల్‌లో ఒకరు రష్యా ఫెడరేషన్ పెద్ద భార్య, ఇంకొకరు 1998లో ఫలితాన్ని ముందే కుదుర్చుకోబోయి ఫోన్ టేపులో దొరికి సస్పెండైన జడ్జి. దొంగ చేతికి తాళాలిచ్చి పైగా ముసుగు కూడా ఇచ్చినట్టుంది. ఆ ముసుగు 2016లో తీసేశారు.

ఇదంతా చదివాక నేనూ ముసుగు తియ్యాలనుకున్నాను. ఆ రోజు రికార్డింగు మళ్ళీ విన్నాను. ఉచ్చారణ, విరుపు, భావం, మూడూ విడివిడిగా. జూనియర్‌కి ఏడున్నర, ఆమెకి ఎనిమిది వచ్చాయి (అప్పటికి నాకేం కావాలో నాకు తెలుసు కాబట్టి ఈ మార్కుల్నీ గుడ్డిగా నమ్మకండి). ఎక్కడ ఎంత తగ్గించానో రాసి ఆమెకి పంపాను. "రెండో పాదం చివర ఆగలేదు, అర మార్కు" అని ఒక వరుస.

గంటలో జవాబు. "అక్కడ ఆగితే మాట రెండు ముక్కలవుతుందన్నా, సగం మూడో పాదంలో ఉంది."

పుస్తకం తీసి చూశాను. ఉంది.