పాత కారులో ఏసీ ఎందుకు చల్లబరచదు?

వేసవిలో చలివేంద్రం దగ్గర కుండనీళ్లు తాగే ఉంటారు. ఎండ 40 డిగ్రీలు దాటినా ఆ నీళ్లు చల్లగానే ఉంటాయి. కుండ గోడల్లోని సన్నని రంధ్రాల గుండా ఊరిన నీరు ఆవిరి అవుతూ, అందుకు కావలసిన వేడిని కుండ నుంచీ లోపలి నీటి నుంచీ తీసుకుంటుంది. ఇంజెక్షను ఇచ్చే ముందు చేతికి స్పిరిటు రాస్తే చల్లగా తగలటానికీ కారణం ఇదే. ద్రవం ఆవిరి కావటానికి తీసుకునే ఈ వేడినే గుప్తోష్ణం అంటారని మీరు చదువుకున్నారు. కారులోని ఏసీ కూడా ఈ సూత్రం మీదనే పనిచేస్తుంది.

విద్యార్థులారా! ముందుగా ఒక విషయం గుర్తుంచుకోండి. ఏసీ చలిని తయారు చేయదు. కారు లోపలి వేడిని మోసుకుపోయి బయట వదులుతుంది. ఏసీ సరిగా పనిచేయటం లేదంటే ఆ వేడి దారిలో ఎక్కడో ఆగిపోతున్నదన్నమాట. ఎక్కడ ఆగుతున్నదో కనుక్కోవటమే మన పని.

వేడి నడిచే దారి

పదిహేను, ఇరవై ఏళ్ల నాటి కార్లలో సాధారణంగా ఉండే గ్యాసు పేరు ఆర్-134ఎ. మామూలు వాతావరణ పీడనం వద్ద అది సున్నాకు దిగువన 26 డిగ్రీల సెల్సియస్ వద్దనే మరుగుతుంది. పీడనం దాదాపు 3 రెట్లయితే 0 డిగ్రీల వద్ద, దాదాపు 17 రెట్లయితే 60 డిగ్రీల వద్ద మరుగుతుంది. పీడనం మారితే మరిగే ఉష్ణోగ్రత మారుతుంది. ఏసీ కిటుకంతా ఇందులోనే ఉంది.

కారులో మీటల బల్ల వెనుక కూలింగ్ కాయిల్ ఉంటుంది. అందులో తక్కువ పీడనం వద్ద ద్రవం మరుగుతూ, బ్లోయరు విసిరే గాలిలోని వేడిని పీల్చుకుంటుంది. అలా ఏర్పడిన ఆవిరిని కంప్రెసరు లాక్కొని గట్టిగా నొక్కుతుంది. దానిని బెల్టు ద్వారా ఇంజనే తిప్పుతుంది. సైకిలుకు గాలి కొట్టేటప్పుడు పంపు అడుగుభాగం వేడెక్కుతుంది కదా! అలాగే ఈ ఆవిరి కూడా బాగా వేడెక్కుతుంది. తరువాత అది కారు ముందుభాగంలో, రేడియేటరుకు ముందున్న కండెన్సరుకు చేరుతుంది. అక్కడ వేడిని బయటి గాలికి ఇచ్చి తిరిగి ద్రవంగా మారుతుంది. ఆ ద్రవం సన్నని వాల్వు గుండా దూరగానే పీడనం పడిపోయి చల్లబడి, మళ్లీ కూలింగ్ కాయిల్‌కు వస్తుంది.

వేడి దానంతట అది ఎప్పుడూ వేడి వస్తువు నుంచి చల్లని వస్తువుకే ప్రవహిస్తుంది. బయట 44 డిగ్రీలుంటే కండెన్సరులోని గ్యాసు అంతకంటే వేడిగా ఉండాలి. అప్పుడే అది వేడిని వదలగలదు. మన మెట్ట ప్రాంతపు వేసవిలో కండెన్సరు పని ఎంత కష్టమో ఊహించండి.

జగ్గయ్యపేట నుంచి నందిగామకు

ఒక ఉదాహరణ తీసుకుందాం. పదిహేనేళ్ల నాటి కారు ఒకటి జగ్గయ్యపేటలో బయలుదేరి, చిల్లకల్లు మీదుగా, ఒకప్పుడు 9వ నంబరుగా ఉండి ఇప్పుడు 65వ నంబరైన జాతీయ రహదారి మీద నందిగామ వస్తున్నదనుకోండి. రహదారి మీద వేగంగా పోతున్నంతసేపూ లోపల చల్లగా ఉంది. టోల్‌గేటు దగ్గర ఆగినా, నందిగామ బజారులో రద్దీలో చిక్కుకున్నా వేడిగాలి వస్తున్నది. కారులోని వారు వెంటనే “గ్యాసు అయిపోయింది, కొట్టించాలి” అంటారు.

తొందరపడకండి. గ్యాసు బాగా తగ్గితే కారు నడుస్తున్నప్పుడు కూడా చల్లదనం తగ్గాలి కదా? వేగంతోపాటు మారినదేమిటి? కండెన్సరుకు తగిలే గాలి! కారు పరుగెత్తేటప్పుడు ఎదురుగాలి దానిని చల్లబరుస్తుంది. ఆగినప్పుడు ఆ పని ఫ్యాను ఒక్కటే చేయాలి. కాబట్టి ముందు చూడవలసినవి ఫ్యాను, కండెన్సరు రేకులు. జగ్గయ్యపేట పరిసరాలు సున్నపురాయి నేలలు, సిమెంటు కర్మాగారాలు ఉన్న ప్రాంతం. దారి పొడవునా లారీలు. పంట కాలంలో పత్తి బళ్లు. దుమ్ము, పత్తి పీచు ఆ సన్నని రేకుల మధ్య చిక్కుకుంటే గాలి దూరదు. ఇంజను ఆపి, చల్లారిన తరువాత మామూలు గొట్టంతో మెల్లగా నీళ్లు పోసి కడిగించవచ్చు. గట్టి ధారతో కొడితే రేకులు వంగిపోతాయి.

మిగిలిన గుర్తులు

1. గాలి చల్లగానే ఉంది గాని తక్కువగా వస్తున్నది: ఏసీ ఫిల్టరు దుమ్ముతో మూసుకుపోయి ఉండవచ్చు. ఇది తక్కువ ఖర్చుతో పోయే లోపం.

2. మొదట బాగా చల్లగా వచ్చి, అరగంటకు గాలి సన్నగిల్లుతుంది. ఏసీ కాసేపు ఆపితే మళ్లీ సరి అవుతుంది: గాలిలోని తేమ కూలింగ్ కాయిల్ మీద మంచుగా గడ్డకట్టి గాలికి అడ్డుపడుతున్నది.

3. గాలి బాగా వస్తున్నది గాని ఎప్పుడూ చల్లగా లేదు: ముందుగా బయటి గాలి వచ్చే మీట తెరిచి ఉన్నదేమో చూడాలి. తరువాత కంప్రెసరు తిరుగుతున్నదో లేదో మెకానిక్ చూస్తాడు. తిరగకపోతే ఫ్యూజు, వైర్లు, క్లచ్ చూడాలి. గ్యాసు బాగా తగ్గినా రక్షణ స్విచ్చి దానిని తిరగనివ్వదు.

కారు కింద నీటిచుక్కలు పడితే భయపడకండి. అది గాలిలోని తేమ చల్లని కాయిల్ మీద నీరుగా మారి కారటమే. మంచి గుర్తు!

గ్యాసు ఎక్కడికి పోతుంది?

గ్యాసు పెట్రోలులాగా ఖర్చయ్యేది కాదు. అదే గ్యాసు మళ్లీ మళ్లీ తిరుగుతుంది. పాత రబ్బరు గొట్టాల నుంచి ఏళ్ల తరబడి కొద్దిగా ఊరిపోవచ్చు. కాని నిరుడు వేసవిలో నింపింది ఈ వేసవికి ఖాళీ అయిందంటే ఎక్కడో కన్నం ఉన్నట్లే. గ్యాసుతోపాటు నూనె కూడా తిరుగుతుంది గనుక లీకు ఉన్నచోట తరచు నూనె మరక కనిపిస్తుంది. ముందు లీకు మూయాలి. తరువాత గొట్టాల్లోని గాలినీ తేమనూ పూర్తిగా లాగివేసి, గ్యాసును తూకం ప్రకారం నింపాలి. ఎక్కువ నింపినా చల్లదనం తగ్గుతుంది.

లీకు మూయకుండా ఏటా గ్యాసు కొట్టిస్తే ఇంటి డబ్బు గాలిలో కలిసినట్లే. నష్టం అంతటితో ఆగదు. అంతకుముందు కార్లలో వాడిన ఆర్-12 వంటి వాయువులు ఓజోను పొరకు హాని చేస్తాయని 1974లో మొలీనా, రోలండ్ అనే శాస్త్రవేత్తలు తెలియజేశారు. 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. మన దేశంలో 2008లో ఆ వర్గపు వాయువుల తయారీ నిలిపివేశారు. ఆర్-134ఎ ఓజోనుకు హాని చేయదు గాని, అంతే బరువున్న కార్బన్ డయాక్సైడు కంటే వెయ్యి రెట్లకు పైగా భూమిని వేడెక్కిస్తుంది. చల్లదనం కోసం కొన్న గ్యాసు బయటికిపోయి వేడిని పెంచుతుందన్నమాట!

చేసి చూడండి

ఇంట్లోగాని, తెలిసినవారి దగ్గరగాని పాత కారు ఉంటే పెద్దల సాయంతో ఈ ప్రయోగం చేయండి. పాదరసం లేని థర్మామీటరు తీసుకోండి. ముందు నీడలో బయటి గాలి ఉష్ణోగ్రత రాసుకోండి. కారును ఆరుబయట నిలిపి, అద్దాలు మూసి, లోపలి గాలే తిరిగేట్లు మీట పెట్టి, ఏసీ 10 నిమిషాలు నడిపించండి. గాలి వచ్చే జాలీ దగ్గర ఉష్ణోగ్రత చూడండి. తరువాత రోడ్డు మీద 10 నిమిషాలు నడిచాక మళ్లీ చూడండి. బయట 40 డిగ్రీలున్నప్పుడు జాలీ దగ్గర సుమారు 10 నుంచి 15 డిగ్రీలుంటే ఏసీ బాగున్నట్లే. నిలిచినప్పటికీ నడిచినప్పటికీ చాలా తేడా ఉంటే కండెన్సరును అనుమానించండి. ఈ అంకెలు చెబితే మెకానిక్ పని సగం తేలికవుతుంది.

జాగ్రత్త! గ్యాసు గొట్టాలు మీరు విప్పవద్దు. ఆ ద్రవం చర్మానికిగాని కంటికిగాని తగిలితే ఆ భాగం గడ్డకట్టి దెబ్బతింటుంది. ఫ్యాను దగ్గర చేయి పెట్టవద్దు. అది ఉన్నట్టుండి తిరుగుతుంది. మూసిన షెడ్డులో ఇంజను నడపవద్దు.

చివరగా మీకొక ప్రశ్న: తలుపులు మూసిన గదిలో ఫ్రిజ్ తలుపు తెరిచి ఉంచితే గది చల్లబడుతుందా, వేడెక్కుతుందా? ఫ్రిజ్ వెనుకభాగాన్ని చేత్తో తాకి చూసి, వేడి ఎక్కడికి పోతున్నదో ఆలోచించండి. జవాబు మీకే తెలుస్తుంది.